జాజు, బొగ్గు, సిమెంటు దుమ్ము: గూడ్సు పెట్టెలకు వయసు తెచ్చే పని

నేను మొదటిసారి రంగులతో తుప్పు పట్టించిన బాక్సెన్ వ్యాగన్ చిన్న ప్లాస్టిక్ నమూనాను మా మేనమామ చేతిలో పెట్టినప్పుడు, ఆయన కళ్లద్దాలు సవరించుకుని, దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిది సిక్ లైన్ల పెట్టాల్సిన బండి అల్లుడా, తిరిగే బండి గాదు" అన్నారు. రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి మాట అది. మూడు ఆదివారాలు కూర్చుని, విదేశీ వీడియోలు చూసి, ప్రతి వెల్డింగు అతుకు చుట్టూ నారింజ రంగు చుక్కలు పెట్టి తయారు చేసిన పెట్టె. మరమ్మతుకని సిక్ లైన్ అనే పక్క పట్టాలోకి లాగి మరచిపోయిన వ్యాగన్‌కు ఉండాల్సిన తుప్పును, నిన్ననే బొగ్గు దించి ఖాళీగా వస్తున్న వ్యాగన్‌కు పెట్టాను. అప్పటి నుంచి రంగు సీసా మూత తీసేముందు ఆ పెట్టె ఏం మోస్తుందో, ఎలా నింపుతారో, ఎలా దించుతారో తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను.

బాక్సెన్ అంటే పైకప్పు లేని బొగ్గు పెట్టె. మౌలాలి వైపు రోడ్డు మీద ఆగి కాసేపు చూస్తే చాలు, దాని కథంతా దాని ఒంటి మీదే కనిపిస్తుంది. బొగ్గు పోసే లోడరు తొట్టి తగిలి పై అంచు అక్కడక్కడ వంగి ఉంటుంది. థర్మల్ కేంద్రంలో టిప్లరు అనే యంత్రం పెట్టెను పట్టుకుని అమాంతం బోర్లిస్తుంది కాబట్టి, బొగ్గు రాసుకుపోయే లోపలి గోడలు బూడిద రంగులో నున్నగా అరిగి, మూలల్లో మాత్రమే తుప్పు నిలుస్తుంది. ఏళ్ల తరబడి లోపలి బరువు నెట్టడం వల్ల పక్క రేకులు నిలువు పట్టీల మధ్య బయటికి ఉబ్బుతాయి. ఆ ఉబ్బును ప్లాస్టిక్‌లో తేవాలంటే సాల్డరింగ్ ఐరన్‌ను లోపలి గోడకు తాకించకుండా దగ్గరగా పట్టుకుని, మెత్తబడగానే చెంచా వెనుక భాగంతో బయటికి నెట్టాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బొక్క పడుతుంది. నా దగ్గర అలాంటి బొక్క పడ్డ పెట్టె ఒకటి ఉంది, దాన్ని నా చిన్న రైలు మార్గపు లేఅవుట్‌లో సిక్ లైన్‌లోనే నిలబెట్టాను.

ఎండకు వెలిసిన రంగు తేవడానికి చాలామంది అసలు రంగులో తెలుపు కలుపుతారు. ఎర్ర గోధుమ రంగుకు తెలుపు కలిస్తే గులాబీ రంగు వస్తుంది, పెట్టె కాస్తా పిల్లల బొమ్మలా తయారవుతుంది. లేత మట్టి రంగు కలిపి, నీళ్లలా పలుచన చేసి, పక్క రేకుల మధ్య భాగంలో మాత్రమే పూస్తే మన ఎండ కనిపిస్తుంది. అది ఆరాక ముదురు గోధుమ రంగు నీళ్లను అతుకుల్లోకి వదిలి, మిగిలినదాన్ని తడి బ్రష్షుతో పై నుంచి కిందికి మాత్రమే లాగాలి, ఎందుకంటే వాన నీరు పోయే దారి అదొక్కటే. అడ్డంగా ఒక్క గీత పడినా కన్ను పట్టేస్తుంది.

పొడుల విషయంలో మాత్రం నేను దిగుమతి సరుకు జోలికి పోవడం మానేశాను. గడపలకు, అరుగులకు పూసే జాజు మన బజారులోనే దొరుకుతుంది. దానికి ఆ ఎరుపు వచ్చేదే ఇనుప ఆక్సైడు వల్ల, తుప్పులో ఉండేదీ అదే. పాత నూలు చీర ముక్కలో వేసి వస్త్రగాలితం పడితే చిన్న డబ్బాల్లో అమ్మే పొడికి ఏమాత్రం తీసిపోదు. ఒక పాలు జాజుకు రెండు పాళ్లు బొగ్గు పొడి కలిపితే పాత తుప్పు, జాజు ఒక్కటే అయితే కొత్త తుప్పు. ముగ్గు పిండితో సిమెంటు దుమ్ము తేవాలని కూడా ప్రయత్నించాను కానీ అది ఎంత జల్లించినా గరుకుగానే ఉంటుంది. 87వ వంతు కొలతలో ఆ రేణువులు గులకరాళ్లలా కనిపిస్తాయి.

పొడి అంటుకోవాలంటే ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ పడాలి, నేను దెబ్బతిన్నదీ అక్కడే. ఒక శ్రావణ మాసంలో, బయట ముసురు పట్టి ఉండగా, బాల్కనీలో నాలుగు పెట్టెలకు స్ప్రే కొట్టాను. పావుగంటలో నాలుగూ పాల మీగడ కప్పినట్టు తెల్లబడ్డాయి. స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి పూతలోనే చిక్కుకుంటుంది. పొడి వాతావరణం వచ్చాక మళ్లీ ఒక పలుచని పూత వేస్తే మూడు బాగుపడ్డాయి, నాలుగోది సిమెంటు సైడింగుకు, అంటే సిమెంటు పెట్టెలు నిలిపే పక్క పట్టాకు, పోయింది. పొడి వేశాక పైన మళ్లీ వార్నిష్ కొడితే సగం పొడి మాయమైనట్టు కనిపిస్తుంది కాబట్టి, కావలసినదానికంటే కొంచెం ఎక్కువే వేసుకోవాలి, లేదా పైపూత మానేసి పెట్టెను చక్రాల దగ్గర పట్టుకోవడం నేర్చుకోవాలి.

మామ చెప్పిన మరో సంగతి ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు. వ్యాగన్ మీద పీఓహెచ్ తేదీ రాసి ఉంటుంది, అంటే వర్క్‌షాపులో పూర్తిగా బాగుచేసి రంగు వేసిన తేదీ. మన వైపు పెట్టెలైతే విజయవాడ దగ్గరి రాయనపాడు వర్క్‌షాపు పేరు కనిపించవచ్చు. ఆ తేదీకీ పెట్టె మీది మురికికీ పొత్తు కుదరాలి. పోయిన ఏడాది తేదీ రాసి, పదేళ్ల తుప్పు పెడితే అది అబద్ధం. పదకొండు అంకెల నంబరులో ఐదు, ఆరు స్థానాలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి కాబట్టి అక్కడా జాగ్రత్త అవసరం. తేదీలను తిరగరాసిన చోట వెనుక కొత్తగా పూసిన చిన్న రంగు పట్టీ చుట్టుపక్కల కంటే శుభ్రంగా ఉంటుంది. డెకాల్ (అంకెలు, అక్షరాలు అచ్చేసిన పలుచని అంటింపు పొర) అంటించాక దాని మీద టేపు ముక్క వేసి మిగతా మురికి పని చేస్తే ఆ పట్టీ దానంతట అదే మిగులుతుంది.

కింది భాగానికి ఓపిక కావాలి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 వస్తుంది, మనం నడిపే హెచ్ఓ (87వ వంతు కొలత) పట్టా 16.5 మాత్రమే. ఆ ఇరుకుదనాన్ని బోగీల (చక్రాలను పట్టి ఉంచే చట్రాల) వెనుక నలుపు కలిసిన గోధుమ రంగు నీడలా పూసి కొంత దాచవచ్చు. చక్రాల ముఖానికి రంగు వేయాలి కానీ పట్టాను తాకే అంచుకు చుక్క కూడా తగలకూడదు, ఇరుసు మొనలకు అసలే తగలకూడదు. పట్టుకునే కడ్డీలకు మోటారు రివైండింగ్ దుకాణంలో 30 గేజీ రాగి తీగ అడగండి. దాని మందం 0.315 మిల్లీమీటర్లు, అసలు కొలతలో సుమారు 27 మిల్లీమీటర్ల కడ్డీ అవుతుంది. అచ్చులో పోసిన లావుపాటి కడ్డీలను చెక్కేసి ఈ తీగ పెట్టాక, రంగు ఏమీ వేయకముందే పెట్టె రూపం మారిపోతుంది.

బరువు కూడా చూసుకోవాలి. అమెరికా మోడల్ రైల్వే సంఘం సూత్రం ప్రకారం హెచ్ఓ పెట్టెకు ఒక ఔన్సు, ఆపైన ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు ఉండాలి. 123 మిల్లీమీటర్ల బాక్సెన్‌కు అది దాదాపు 97 గ్రాములు. థర్మోకోల్ కింద ఇనుప నట్లు అంటించి, పైన నలగ్గొట్టిన నిజమైన బొగ్గు పరిస్తే బరువూ సరుకూ ఒకేసారి కుదురుతాయి.

సిమెంటు మోసే మూత పెట్టెల్లో మురికంతా తలుపు చుట్టూనే ఉంటుంది: హమాలీలు బస్తాలు మోస్తూ చెయ్యి ఆనించిన చోట, కాలు పెట్టిన గుమ్మం మీద. దుమ్ము మీద వాన పడితే అది గట్టిపడుతుంది, ఇక వదలదు కాబట్టి అక్కడ పొడి కాదు, పలుచని బూడిద రంగే వాడాలి. చర్లపల్లి వైపు వెళ్లే చమురు ట్యాంకులకైతే పై మూత నుంచి జారిన చారలు మెరవాలి, మిగతాదంతా మ్యాట్‌గా ఉండాలి.

మొన్న రెండో బాక్సెన్ చూపించాను. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా బల్ల మీది తెల్ల పెన్సిల్ తీసుకుని, మొన చెక్కమని ఇచ్చి, తలుపు పక్కన అగ్గిపుల్ల తలంత జాగాలో సుద్దతో రాసినట్టు ఏదో గుర్తు గీశారు. అదేమిటని అడిగితే, "నాకు తెలుసు గదా, సాలు" అన్నారు.