ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసరుగా నా రెండేళ్ల ప్రొబేషన్: నా అనుభవం

ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసరుగా ఎంపికైనవారు నియామక పత్రం చేతికి రాగానే జీతం గురించిన వాక్యాన్ని పదిసార్లు చదువుకుంటారు. ఏడో లెవెల్, మూలవేతనం 44,900 రూపాయలు అన్నచోట కళ్లు ఆగిపోతాయి. ఆ కిందనే ఉండే ప్రొబేషన్ షరతును మాత్రం చాలామంది చదివీ చదవనట్టు వదిలేస్తారు. రెండేళ్లు ప్రొబేషన్ అనీ, అవసరమైతే దాన్ని పొడిగించవచ్చనీ, ఈలోగా ఉభయపక్షాల్లో ఎవరైనా నెల రోజుల నోటీసుతో ఉద్యోగాన్ని ముగించవచ్చనీ, పోలీసు విచారణ, ధ్రువపత్రాల పరిశీలన పూర్తయ్యేదాకా నియామకం తాత్కాలికమేననీ నాకు వచ్చిన పత్రంలో ఉంది. 2021 నవంబరులో జరిగిన నార్‌సెట్ పరీక్ష ద్వారా ఎంపికై, 2022 జూలైలో ఉత్తరాదిలోని ఒక ఎయిమ్స్‌లో చేరిన నేను ఆ షరతుల్లో ఒక్కొక్కటీ ఆచరణలో ఎలా ఉంటుందో తర్వాత తెలుసుకున్నాను. ఇప్పుడు చేరబోయేవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ వివరాలు రాస్తున్నాను.

అంతకుముందు హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో పనిచేశాను. అక్కడా ఆరు నెలల ప్రొబేషన్ ఉండేది గాని, దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు. ఏడో నెల జీతం పడిందంటే ప్రొబేషన్ అయిపోయిందని అర్థం చేసుకునేవాళ్లం. కేంద్ర సర్వీసులో ఆ పద్ధతి చెల్లదు. రెండేళ్లు నిండినంత మాత్రాన ఉద్యోగం ఖాయమైనట్టు కాదు. ఖాయం చేస్తూ విడిగా ఒక ఆదేశం రావాలి. గడువు ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోగా నిర్ణయం తీసుకోవాలనీ, పొడిగిస్తే కారణాలను లిఖితపూర్వకంగా తెలపాలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక ఉద్యోగిని నిర్ణీత కాలానికి రెట్టింపు మించి ప్రొబేషన్‌లో ఉంచరాదనీ కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ ఉత్తర్వులు చెబుతున్నాయి. ఈ ఉత్తర్వులు ఆ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్నా, మా బ్యాచ్‌లో చేరినవారిలో వాటిని ముందే చదివినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు.

చేరిన మొదటి వారాలు పరిచయ తరగతులతోనూ, ప్రాణరక్షణ శిక్షణతోనూ గడిచాయి. తర్వాత నన్ను ఐసీయూలో వేశారు. కొత్తగా వచ్చినవారిని కొన్నాళ్లపాటు ఒక సీనియర్ నర్సింగ్ ఆఫీసరుకు జతచేస్తారు. నాకు దక్కిన సీనియర్ మలయాళీ; పదేళ్లకు పైగా ఐసీయూలోనే పనిచేసినావిడ. ఆవిడ పద్ధతి ఏమిటంటే, ఏ పనైనా నోటితో లెక్క చెప్పి ఆ తర్వాతే చెయ్యనిచ్చేవారు. బీపీ పడిపోకుండా నిలబెట్టే నార్ అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్ మీద ఉన్న రోగికి సిరంజి మార్చవలసి వచ్చిన ఒక రాత్రి, పాత సిరంజి అయిపోవడానికి ముందే కొత్తది సిద్ధం చేయించి, "ఇప్పుడు చెప్పు" అన్నారు. 50 మిల్లీలీటర్లలో 4 మిల్లీగ్రాములంటే మిల్లీలీటరుకు 80 మైక్రోగ్రాములు, 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రాము చొప్పున గంటకు 360 మైక్రోగ్రాములు, అంటే గంటకు నాలుగున్నర మిల్లీలీటర్లు అని చెప్పాను. ఆవిడ పంపు తెర మీద అంకె చూసి, సిరంజి మీద అతికించిన చీటీలో మందు పేరు, మోతాదు, కలిపిన సమయం, నా సంతకం ఉన్నాయో లేదో చూసి, తన సంతకం కూడా పెట్టాక గాని మార్చనివ్వలేదు. అలా మార్చే కొద్ది క్షణాల్లో బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఇద్దరం మానిటరు మీద నుంచి కళ్లు తిప్పలేదు. నా దృష్టిలో ప్రొబేషన్ అసలు ఉద్దేశం ఇలాంటి రాత్రుల్లో నెరవేరుతుంది. అయితే ఆఫీసు ఫైలులో ఈ రాత్రులకు చోటుండదు.

ఫైలులోకి వెళ్లేవి ఆరు నెలలకొకసారి రాసే మదింపు నివేదికలు. ఇవి ఏటా అందరు ఉద్యోగులకూ రాసే పనితీరు నివేదికల కన్నా వేరు; ప్రొబేషన్‌లో ఉన్న వ్యక్తి పని, నడవడిక సంతృప్తికరంగా ఉన్నాయా, ఉద్యోగంలో స్థిరపరచవచ్చా అన్నదే వీటి పరిధి. మాకు వార్డు ఇన్‌చార్జి రాస్తే, అసిస్టెంట్ నర్సింగ్ సూపరింటెండెంట్ చూసి పైకి పంపేవారు. లోపాలేవైనా ఉంటే గడువు ముగియడానికి చాలా ముందే ఉద్యోగికి తెలియజేసి, సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నది నియమం. నా మొదటి నివేదికలో పని బాగుందని రాస్తూనే, రోగుల బంధువులతో హిందీలో మాట్లాడటం మెరుగుపడాలని ఒక వాక్యం చేర్చారు. పల్నాడు పల్లెలో పుట్టి, గుంటూరులో చదివి, హైదరాబాదులో పనిచేసిన నాకు వచ్చిన హిందీ ఎంత ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు. ఆ వ్యాఖ్యకు బాధపడలేదు, పైగా ముందే చెప్పినందుకు మేలే జరిగింది. రెండో నివేదికలో ఆ మాట లేదు.

అసలు చిక్కు 2023 ఆగస్టులో నేను ప్రసూతి సెలవుకు వెళ్లేటప్పుడు మొదలైంది. ప్రొబేషన్‌లో ఉన్నవారికీ 180 రోజుల ప్రసూతి సెలవు హక్కుగా ఉంది. ఆ విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ సెలవు దరఖాస్తు తీసుకున్న సెక్షను గుమస్తా, "మీ ప్రొబేషన్ ఆరు నెలలు వెనక్కి పోతుంది" అని ఎంతో సహజంగా అన్నారు. మా వార్డులోనూ అందరి నమ్మకం అదే. నేను మాత్రం నియమం ఎక్కడుందో చూడాలనుకుని వెతికితే, సిబ్బంది, శిక్షణ శాఖ 2019 మార్చి 11న జారీచేసిన ఉత్తర్వు దొరికింది. ప్రొబేషన్‌కు నిర్ణయించిన మొత్తం కాలంలో 75 శాతం పూర్తి చెయ్యలేనంతగా సెలవు వాడుకున్నవారికి మాత్రమే, వాడుకున్న సెలవు మేరకు ప్రొబేషన్ పొడిగించవచ్చని అందులో ఉంది. సెలవు ఏ రకమైనదైనా లెక్క ఒకటే.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. 2022 జూలై నుంచి 2024 జూలై దాకా, మధ్యలో లీపు సంవత్సరపు ఫిబ్రవరి 29 కూడా వస్తుంది కాబట్టి, మొత్తం 731 రోజులు. అందులో 75 శాతం 548 రోజుల పైచిలుకు. 731 లోంచి 180 తీసేస్తే 551. అంటే ప్రసూతి సెలవు ఒక్కటే వాడుకుంటే గీత దాటకుండా బయటపడవచ్చు. దానికి మరో మూడు రోజుల ఆర్జిత సెలవు తోడైతే చాలు, ప్రొబేషన్ పొడిగింపు పరిధిలోకి వస్తుంది. అప్పుడు పొడిగించేది ఆ మూడు రోజులు మాత్రమే కాదు, వాడుకున్న సెలవు మొత్తం. ఇంత సన్నని తేడా మీద ఆరు నెలలు ఆధారపడి ఉంటాయని చేరిన రోజున ఎవరూ చెప్పరు. అంతకుముందు సంక్రాంతికి నేను పెట్టిన ఆర్జిత సెలవును వార్డులో మనుషులు చాలరని తిరస్కరిస్తే ఎంతో ఏడ్చాను. ఆ సెలవు ఇచ్చి ఉంటే ఈ లెక్క తప్పేది. తిరస్కరించినవారికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని కాను గాని, లాభం జరిగిన మాట నిజం.

ప్రసూతి సెలవుకు కొనసాగింపుగా ఇతర సెలవులు కలిపి తీసుకునే వీలు నియమాల్లో ఉంది. ఇంట్లో అందరూ అదే చెయ్యమన్నారు. ఐదు నెలలు దాటిన బిడ్డను వదిలి నైట్ డ్యూటీకి వెళ్లడం ఎలాగని మా అత్తగారు గట్టిగానే అడిగారు. శిశు సంరక్షణ సెలవు అడగవచ్చుగా అన్నారు తోటివారు. అది ప్రొబేషన్‌లో సాధారణంగా ఇవ్వరు. తప్పనిసరి పరిస్థితుల్లో, అదీ వీలైనంత తక్కువ కాలానికి మాత్రమే మంజూరు చేస్తారు, పైగా అది కూడా సెలవే కాబట్టి నా లెక్కలో పడుతుంది. చివరకు మా అమ్మ పొలం పనులు నాన్నకు అప్పగించి నాతో వచ్చింది. తర్వాత బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు క్యాజువల్ లీవులు వాడుకున్నాను. ఏడాదికి ఎనిమిది ఉండే ఈ క్యాజువల్ లీవును నియమాలు సెలవుగా పరిగణించవు, ఆ రోజుల్లో ఉద్యోగి విధిలో ఉన్నట్టే లెక్క. వారాంతపు ఆఫ్‌లతో కలుపుకుంటే వాటితోనే నెట్టుకురావచ్చు. ప్రొబేషన్‌లో ప్రసవం ఉన్నవారు ఈ ఎనిమిదింటినీ ఏడాది మొదట్లోనే పండుగలకూ పెళ్లిళ్లకూ ఖర్చుపెట్టకుండా దాచుకోవడం మంచిది.

సెలవు ముగించుకుని చేరిన వెంటనే, 2019 నాటి ఉత్తర్వు ప్రతినీ నా లెక్కనూ జతచేసి, నా ప్రొబేషన్ గడువు మారదని నిర్ధారించవలసిందిగా నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా పరిపాలన విభాగానికి లేఖ రాశాను. గుమస్తా మొదట తీసుకోవడానికి కూడా ఇష్టపడలేదు. కార్యాలయంలో లేఖ ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ ముద్ర ఉన్న కాగితమే తర్వాత ప్రతిసారీ నా తరఫున మాట్లాడింది. కొన్ని వారాలకు, పొడిగింపు అవసరం లేదని ఫైలులో రాశారని తెలిసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. నేను చెప్పిన లెక్క కేంద్ర నియమాలకు లోబడినవారికే వర్తిస్తుంది, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరినవారి సంగతి వేరు. హైదరాబాదులో నాతో పనిచేసిన స్నేహితురాలు 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం అందుకున్న వేలాదిమందిలో ఒకతె. నా అనుభవం విని, తనకూ 75 శాతం సరిపోతుందేమోనని ఆశపడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1996 నాటి సర్వీసు నియమాల ప్రకారం నేరుగా నియమితులైనవారు వరుసగా మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లు విధిలో ఉండాలి. విధిలో ఉండటం అన్న షరతు వల్ల ప్రసూతి సెలవు ఆ రెండేళ్లలోకి రాదు, అంతమేరకు గడువు పెరుగుతుంది. ఒకే పని, ఒకే సెలవు, రెండు లెక్కలు. ఎవరి మాటనైనా నమ్మే ముందు వారు ఏ సర్వీసులో ఉన్నారో కనుక్కోవాలి.

2024 జూలై గడిచింది. నాలుగు నివేదికలూ సంతృప్తికరం, సెలవు లెక్క తేలింది, అయినా ఆదేశం రాలేదు. కారణం అడిగితే, నా పోలీసు విచారణ నివేదిక ఇంకా అందలేదన్నారు. చేరేటప్పుడు నింపిన అటెస్టేషన్ ఫారంలో, అంతకుముందు ఐదేళ్లలో ఏడాదికి మించి నివసించిన ప్రతి చోటూ రాయాలి. నా విషయంలో అవి గుంటూరు హాస్టలు, హైదరాబాదు అద్దె ఇల్లు, మా ఊరు. మొదటి రెండు చోట్ల నుంచి జవాబులు ఎప్పుడో వచ్చాయి. మా ఊరి సంగతే తేలలేదు. ఆధార్‌లో ఉన్నట్టే రాయమన్నారు కాబట్టి మా ఊరు గుంటూరు జిల్లా అని రాశాను, కానీ 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయినప్పుడు మా ఊరు నరసరావుపేట కేంద్రంగా ఏర్పడ్డ పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. ఉత్తరం పాత జిల్లాకు వెళ్లి, మా పరిధి కాదన్న జవాబుతో తిరిగివచ్చి, సంస్థలో ఏదో ఒక ఫైలులో చేరి ఆగిపోయింది. నేను వెళ్లి అడిగేదాకా దాన్ని ఎవరూ కదిలించలేదు. సరైన జిల్లాకు మళ్లీ రాయించుకున్నాక, మా ఊరి స్టేషను నుంచి కానిస్టేబులు ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగు ఇద్దరి దగ్గర సంతకాలు తీసుకుని వెళ్లాడని నాన్న ఫోను చేసి చెప్పాడు.

డిగ్రీ పరిశీలనలోనూ ఇలాంటి చిక్కే. నా పట్టా మీద ఉన్న పేరు డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 2022లో దానికి డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టారు కాబట్టి, ధ్రువీకరణ లేఖ కొత్త పేరున్న కాగితం మీద వచ్చింది. ఉత్తరాది గుమస్తాకు ఇవి రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాలుగా తోచడంలో ఆశ్చర్యం లేదు. పేరు మార్పు చట్టం ప్రతి ఇచ్చి ఒప్పించాను. 2024లో పాత పేరే తిరిగి వచ్చింది. ఈ ఏళ్లలో చదువు పూర్తిచేసినవారు బయటి రాష్ట్రాల్లో చేరేటప్పుడు ఆ రెండు చట్టాల ప్రతులూ దగ్గర పెట్టుకుంటే వివరణలు ఇచ్చుకునే శ్రమ తప్పుతుంది.

ఉత్తర్వుల్లో ఉన్న ఆరు, ఎనిమిది వారాలు ఎప్పుడో దాటిపోయాక, చలికాలంలో ఆదేశం వచ్చింది. ఆలస్యం సంగతి అందులో లేదు. 2024 జూలైలో గడువు ముగిసిన మర్నాటి నుంచే స్థిరపరచినట్టు ఉంది. జీతంలో రూపాయి తేడా రాలేదు. మారినదల్లా, నెల నోటీసుతో పంపించే షరతు పోయింది, ఈ పోస్టు మీద నాకు లియన్ ఏర్పడింది. అంటే రేపు సరైన మార్గంలో దరఖాస్తు చేసుకుని ఇంకో కేంద్ర సంస్థలో చేరినా, అక్కడ కుదరకపోతే నిర్ణీత కాలంలోగా తిరిగి రావచ్చు. మా బ్యాచ్‌లో అప్పటికి ఆదేశం రానివారు ఇంకా ఉన్నారు, వారిలో కొందరి ఫైళ్లు కూడా జిల్లాల దగ్గరే ఆగి ఉన్నాయి. వాళ్లకు నేను రాసిన లేఖల నమూనాలు ఇచ్చాను.