12 మెట్లూ 12 బార్లూ ఒకటి కావంట

"డాడీ, నువ్వు ఆ ఆల్బమ్ విన్నవా, లేకపోతే అందులో దేవరకొండ ఎక్కడన్నా దొరుకుతదా అని దేవులాడినవా?"

పోయిన శనివారం కారులో మా బిడ్డ వేసిన ప్రశ్న ఇది. ఆల్బమ్ ఐరిష్ గిటారిస్ట్ రోరీ గ్యాలహర్‌ది, దేవరకొండ నల్లగొండ జిల్లాలో మా ఊరు. పద్నాలుగేళ్లు దానికి. "దేవులాడటం" అనే మాట వాళ్ల నానమ్మ దగ్గర నేర్చుకుంది, నా దగ్గర కాదు. నేనైతే ఐర్లాండ్ వచ్చాక "వెతకడం" దాకా ఎదిగిపోయాను. అడిగి, జవాబు కోసం కూడా చూడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ దిక్కు తిరిగింది. నేను జవాబు ఆలోచిస్తూ రౌండబౌట్‌లో మా దారి తప్పించుకుని ఇంకో చుట్టు తిరిగాను. అది కూడా గమనించింది. ఏమీ అనలేదు.

అసలు గొడవ బతుకమ్మ ప్రోగ్రామ్ దగ్గర మొదలైంది. దాన్ని అడగకుండానే నేను పేరిచ్చేశాను. గిటార్ వాయిస్తది, పది నిమిషాలు చాలు అన్నాను. నా మనసులో ఒక పెద్ద ప్లాన్ ఉంది: ముందు మన పాలమూరు కిన్నెర బాణీ ఒక ముక్క, అందులోంచి మెల్లగా అది రోజూ వాయించే రోరీ గ్యాలహర్ పాటలోకి జారిపోవాలి, హాలంతా చప్పట్లు, వీడియో మా నల్లగొండ చుట్టాల గ్రూపులో. దీన్ని ఫ్యూజన్ అంటారు కదా అన్నాను. "అనరు" అంది.

రోరీ గ్యాలహర్ ఎవరో నాకు రెండేళ్ల కింద తెలియదు. పేరు కూడా "గల్లాగర్" అని పలికితే, రెండో జీ పలకొద్దు డాడీ అని ఇంట్లో క్లాస్ పీకింది. తమాషా ఏంటంటే మేముండేది కార్క్ పక్కన బాలిన్‌కాలిగ్‌లో, ఆయన సమాధి ఉన్నది కూడా ఇక్కడే. కార్క్ సిటీలో ఆయన పేరు మీద ఒక చిన్న కూడలి ఉంది, గిటార్ శిల్పం ఉంది, అక్కడ కూర్చుని ఎనిమిదేళ్లుగా చిప్స్ తింటున్నాం. అది గిటార్ శిల్పమని కూడా నేను పట్టించుకోలేదు. ఏదో ఇనుము అనుకున్నాను.

గిటార్ అడిగినప్పుడు ముందు వద్దన్నది నేనే. వయొలిన్ నేర్చుకో, అది మన కచేరీల్లోనూ ఉంటది, వీళ్ల కచేరీల్లోనూ ఉంటది, ఒక టికెట్ మీద రెండు ఊర్లు తిరిగినట్టు అన్నాను. ఆరు నెలలు పొద్దున్నే ఆన్‌లైన్ క్లాసులు. సరళీస్వరాల దగ్గరే నిద్రపోయేది పిల్ల. చివరికి మా ఆవిడ ఒక కథ చెప్పి నా నోరు మూయించింది. 1963లో ఈ రోరీ పదిహేనేళ్ల పిల్లగాడు, ఇదే కార్క్‌లో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ స్ట్రాటోకాస్టర్ గిటార్ చూశాడు, ధర దాదాపు 100 పౌండ్లు, ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు, వాయిదాల మీద కొన్నాడు. "వాళ్లమ్మ ఒప్పుకున్నది, నువ్వు సరళీస్వరాలంటున్నవ్" అంది. చచ్చినట్టు నేనూ సెకండ్ హ్యాండ్ గిటారే కొన్నాను. ఆ పిల్లగాడి గిటార్ చెమటకు రంగంతా ఊడిపోయి చెక్క బయటపడి, 2024లో లండన్ వేలంలో ఎనిమిది లక్షల పౌండ్లు దాటింది. మేం కొన్నదానికి ఇప్పటికైతే ఒక మూల పెచ్చు ఊడింది. అది మెట్ల మీద పడేసినందుకు.

సరే, ఆల్బమ్ సంగతి. 1971లో, తన పాత బ్యాండ్ టేస్ట్ విడిపోయాక ఆయన తన పేరు మీద వేసిన మొదటి సోలో ఆల్బమ్. పేరు కూడా ఆయన పేరే. పది పాటలు. సోలో అంటే ఒక్కడే కదా మరి డ్రమ్స్ ఎవరు కొడుతున్నరు అని నేనడిగిన రోజు నుంచి మా ఇంట్లో నా సంగీత పరిజ్ఞానం మీద ఒక అంచనా ఏర్పడింది. బేస్‌కు ఒకరు, డ్రమ్స్‌కు ఒకరు, పాటా గిటారూ ఆయన, అంతే. రెండు పాటల్లో పియానో వినిపిస్తది, చివరి పాటలో ఆయనే శాక్సఫోన్ ఊదాడు. బిడ్డకు అందులో అన్నింటికంటే నచ్చింది మూడో పాట, "ఐ ఫాల్ అపార్ట్". మొదట్లో ఏమీ జరగదు, నెమ్మదిగా నడుస్తది, చివర్లో గిటార్ వచ్చి ఇక ఆపదు. ఆ చివరి భాగం కోసం చలికాలమంతా గది తలుపు వేసుకుని కూర్చుంది. మూసిన తలుపు బయట నేను, లోపల ఒకటే ముక్క నలభైసార్లు. తప్పు పడ్డ చోటే మళ్లీ తప్పు పడుతుంటే లోపలికి పోయి చెప్పాలనిపించేది. నాకు గిటార్ రాదని గుర్తొచ్చి ఆగిపోయేవాణ్ణి.

ఆ ఆల్బమ్ మీద మా చుట్టూ ఉన్నోళ్లందరికీ ఒక్కో అభిప్రాయం. పక్కింటి పెద్దాయనకు డెబ్బై దాటాయి, 1974 జనవరిలో కార్క్ సిటీ హాల్‌లో రోరీని చూశాడు. ఆ కచేరీల రికార్డింగే తర్వాత లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది. ఈయన లెక్కలో స్టూడియో రికార్డులు సగమే. అదంతా నాకు ఎలా అర్థమైందంటే, పెళ్లికి పోకుండా పెళ్లి ఆల్బమ్ చూసినట్టు. బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్న రోజుల్లో వేరేవాళ్లు అటు పోవడానికి భయపడితే రోరీ పోయి వాయించి వచ్చేవాడట, ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. గిటార్ టీచర్ దీనికి పూర్తిగా రివర్స్. ఆయన తర్వాతి రికార్డులకంటే ఈ మొదటిదే మేలు, ముగ్గురే ఉన్నారు, దాచుకోవడానికి చోటు లేదు, ఖాళీలు ఖాళీలుగానే వదిలేశాడు అంటాడు. మా ఆవిడ రెండో పాట చాలా బాగుంది, మొదటిది మాత్రం పొద్దున పూట వద్దు అంది. నల్లగొండలో పెళ్లిళ్లకు డీజే పెట్టే మా బామ్మర్దికి పంపితే రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు: "బావా, పిలగాని చెయ్యి మంచిగనే తిరుగుతుంది గానీ బేస్ ఏది? గిట్ల పెడితే బరాత్ ముందుకు నడవది."

మా అమ్మకు మాత్రం బిడ్డే వాయించి వినిపించింది, వీడియో కాల్‌లో. ఇది బ్లూస్ నానమ్మా, అమెరికాలో నల్లవాళ్ల పాట, 12 బార్లు ఉంటయ్ అని చెప్పింది. దేవరకొండలో మా అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "పన్నెండు బార్లా? గదేం సదువురా, పిల్లను ఏడికి పంపుతున్నవ్?"

అది నవ్వి నవ్వి, తర్వాత ఓపిగ్గా వివరించింది. 12 బార్లంటే 12 గడుల తాళం లాంటిది, మూడే కార్డ్స్, పాటలో ఒక లైను పాడి, మళ్లీ అదే లైను పాడి, మూడో లైనులో దానికి జవాబు చెప్తరు. మా అమ్మ విని "మేం నాట్లేసేటప్పుడు పాడిందే మళ్ల పాడేటోళ్లం" అని ఊరుకుంది. మా అమ్మ చేసిన పోలికకు బిడ్డ అవునా అని కళ్లు పెద్దవి చేసింది. అదే పోలిక నేను చేస్తే దేవులాట అయితది. ఇదేం న్యాయమో.

నా పోలిక ఏంటో చెప్తాను, నవ్వకండి. 12 అనే మాట వినగానే నాకు 12 మెట్ల కిన్నెర తట్టింది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన వాయించేది. వెదురు బొంగు, కింద ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద మెట్లు, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ. అక్కడ పాలమూరు బాధలు, ఇక్కడ మిసిసిపి బాధలు, అక్కడ 12, ఇక్కడ 12, చూసినవా బిడ్డా అంతా ఒక్కటే అన్నాను. ఆఫీసులో స్లైడ్ పెట్టి చెప్పినంత నమ్మకంగా చెప్పాను.

అది వీడియో మొత్తం చూసింది. మళ్లీ పెట్టుకుని చూసింది. "డాడీ, మెట్లంటే గిటార్ మీద ఫ్రెట్స్ ఉంటయ్ చూడు, అవి. బార్లంటే టైమ్. ఒకటి చోటు, ఒకటి కాలం. రెండు 12లు ఒకటెట్ల అయితయ్?" అంది. నేను ఇంకా వాదించబోతుంటే వీడియోను ఒకచోట ఆపి, "ఇది విను, ఆయన గొంతు ఎటు పోతే తీగ అటే పోతుంది. ఇది బాగుంది" అంది. నేను ఆ వీడియో పదిమందికి పంపి ఉంటాను. గొంతు ఎటు పోతుందో, తీగ ఎటు పోతుందో ఒక్కసారి కూడా చూడలేదు. పద్మశ్రీ చూశాను, పాలమూరు అనే పేరు చూశాను, ఫార్వర్డ్ కొట్టాను.

ఆ తర్వాతే అడిగింది, మామూలుగానే, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా: "మీరు చిన్నప్పుడు విన్నరా ఇది? ఊళ్లో?"

మా ఊళ్లో ఉండేది కాదు బిడ్డా అన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉందని మర్చిపోయాను. అటు నుంచి మా అమ్మ, "ఎందుకు లేకుండె? కిన్నెర వాయించే దక్కలోళ్లు వచ్చేటోళ్లు, మాదిగవాడకు వచ్చి రెండు మూడు దినాలు ఉండేటోళ్లు. మనమే పోయేటోళ్లం కాదు" అంది. కూరలో ఉప్పెంత వేయాలో చెప్పినంత మామూలుగా అంది. ఎందుకు పోలేదు అని బిడ్డ అడిగింది. అమ్మ ఏదో పని ఉందని ఫోన్ పెట్టేసింది. నాకు పెట్టేయడానికి ఫోన్ కూడా లేదు చేతిలో.

మా ఇంటి నుంచి ఆ వాడకు అరకిలోమీటరు కూడా ఉండదు. రాత్రిపూట డప్పు వినపడేది, కిన్నెర అంత దూరం వినపడదు. చిన్నప్పుడు నాకు ఎవరూ పోవద్దని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, పోకూడదని తెలుసు అంతే. కిన్నెర నేను మొదటిసారి విన్నది 2021లో, పవన్ కల్యాణ్ సినిమా పాట మొదట్లో, ఇక్కడే, ఈ సోఫాలోనే. అలాంటిది "మన కిన్నెర, మన మూలాలు" అని పిల్లను స్టేజి ఎక్కించబోతున్నాను. ఎవరి మూలాలు? రోరీ అనే ఈ ఐరిష్ పిల్లగాడు కూడా నల్లవాళ్ల పాట వాయించినవాడే, కానీ 1971 చివర్లో అమెరికా నల్లజాతి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ లండన్ వచ్చి రికార్డ్ చేస్తుంటే ఆ పెద్దాయన పక్కన కూర్చుని వాయించి వచ్చాడు. నేను అరకిలోమీటరు నడవలేదు. ఇది బిడ్డతో అనలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు, తెలుగులో చెప్తే దానికి సగం అర్థం కాదు, ఇంగ్లిష్‌లో చెప్తే నాకే ఎవరో వేరేవాళ్ల కథలా వినిపిస్తుంది.

నా తోటి తల్లిదండ్రులకు ఒక సలహా రాద్దామనే ఇది మొదలుపెట్టాను నిజానికి. పిల్లలు వినేది మనమూ వినాలి, పోలికలు తేవొద్దు, వాళ్ల పాటను వాళ్ల పాటగానే ఉండనివ్వాలి, ఇట్లా. రాస్తుంటే మా అమ్మ నాట్ల పాట గుర్తొస్తుంది, ఆ పోలిక బిడ్డకు నచ్చింది కదా. బహుశా పోలిక తేవొచ్చు, తెచ్చేవాళ్లు అది పాడి ఉండాలేమో. లేకపోతే నానమ్మ కాబట్టి నచ్చిందేమో, నేను తండ్రిని కాబట్టి నచ్చలేదేమో. పద్నాలుగేళ్లప్పుడు మా నాయన ఏది మంచిదన్నా నాకు నచ్చేది కాదు, అప్పుడు ఏ సంస్కృతుల గొడవా లేదు, ఒకటే ఊరు, ఒకటే భాష.

మొన్న మంగళవారం దాన్ని దించి వచ్చాక ఇంటి ముందు కారు ఆపుకుని ఆ మూడో పాట ఒక్కణ్ణే విన్నాను. ఏదీ దేవులాడొద్దు అని ఒట్టు పెట్టుకుని. రెండో నిమిషంలో బొంబాయి బస్సు ఎక్కే పాలమూరు కూలీలు గుర్తొచ్చారు, తరిమేశాను. తర్వాత ఆఫీసు మెయిల్ గుర్తొచ్చింది. చివర్లో గిటార్ అందుకున్నప్పుడు మాత్రం, బిడ్డ చలికాలమంతా తప్పు పోతున్న ఆ చోటు వచ్చింది, నాకు ముందే తెలిసిపోయింది ఇక్కడ వస్తుందని, చెయ్యి దానంతటదే స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుంది. రోరీ తప్పు పోలేదు. దాటేశాడు. ఎందుకో కొంచెం కోపం వచ్చింది ఆయన మీద.

సాయంత్రం దానికి చెప్పాను, ఆ పాట విన్నాను అని. "దేవరకొండ దొరికిందా?" అంది. లేదు, నువ్వు తప్పు పోయే చోటు దొరికింది అన్నాను. మూతి ముడిచింది, తర్వాత గదిలోకి పోయింది, ఈసారి తలుపు పూర్తిగా వేయలేదు. వేయడం మర్చిపోయిందేమో కూడా, దాని మీద నేనేమీ కట్టుకోను.

బతుకమ్మ లిస్టులో దాని పేరు ఇంకా ఉంది. తీసేయమని చెప్తానని మా ఆవిడకు మాటిచ్చి పది రోజులైంది. పొద్దున గ్రూపులో మెసేజ్ వచ్చింది: "అన్నా, పాప ఏ పాట వాయిస్తది? బ్యానర్ ప్రింటింగ్‌కు పోతుంది." నేను చూసినట్టు నీలం టిక్కులు కూడా పడిపోయాయి.