యుద్ధం రోజుల్లో డైరీ రాస్తే

శ్రీలంకలో ప్రభుత్వానికీ తమిళ పులులకీ మధ్య యుద్ధం అనగానే 1983 నుంచి 2009 దాకా నడిచింది అని ఒక్క లైన్లో చెప్పేస్తాం గానీ నాకెప్పుడూ అన్నేళ్ళు జనం పొద్దున్నే లేచి ఏం వండుకున్నారు, పిల్లలు ఏ వెలుతుర్లో చదువుకున్నారు అనేదే తెలుసుకోవాలని ఉంటుంది. చెన్నైలో మా వలసరవాక్కం వైపు అక్కడినుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, మా పక్క ఫ్లాట్ అక్క కూడా శ్రీలంక ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలోనే పెరిగింది.

1990లో యుద్ధం మళ్ళీ మొదలయ్యాక అక్కడ కరెంటు లేదు, కిరోసిన్ దొరకడమే గగనం, బ్యాటరీలైతే గవర్నమెంటు రానివ్వలేదు. అందుకే జామ్ సీసాలో కాస్త కిరోసిన్ పోసి వత్తి వేసి దీపం చేసుకునేవాళ్ళు, రేడియోకేమో సైకిల్ తలకిందులుగా పెట్టి ఒకళ్ళు చేత్తో పెడల్ తిప్పుతుంటే ఆ డైనమోతో బీబీసీ తమిళ వార్తలు వినేవాళ్ళు, తిప్పడం ఆపితే వార్తలూ ఆగిపోతాయి!

అక్కడి పదేళ్ళ పిల్ల డైరీ రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటా. "ఇవాళ తిప్పే వంతు నాది, చెయ్యి పీకేస్తోంది. తమ్ముడికి లెక్కలున్నాయని అమ్మ దీపం వాడి వైపు జరిపింది." బాంబుల సంగతి ఎక్కడో చివర్లో ఒక ముక్క ఉంటుందేమో.

1995 అక్టోబర్ 30న జాఫ్నా ఊరంతా ఖాళీ చేసి లక్షలమంది వానలో తూర్పునున్న చావకచ్చేరి అనే ఊరి వైపు నడిచారు. ఆ రాత్రి సంచిలో ఏం పెట్టుకున్నారక్కా అని అడిగితే టకటకా చెప్పింది, బియ్యం, బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ మార్కుల కార్డులు. ఇవన్నీ పోకూడదు, అందుకే ఆదివారాలు అక్క తమిళంలో చెప్తుంటే నేను తెలుగులో రాసుకుంటున్నా.