అనంతపురం ఎండకు తట్టుకునే గన్నేరు

బోరు నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న ఇంటికి, ఏడాదంతా పచ్చగా ఉండి పూలిచ్చే మొక్క కావాలంటే నేను గన్నేరునే చెబుతాను. మన ఎర్రనేల దీనికి బాగా సరిపోతుంది. కర్నూలు వైపు నల్లరేగడిలో మాత్రం నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అక్కడ మట్టి ఎత్తుచేసి నాటాలి.

పెన్సిలంత లావు కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తీసేసి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. తొలకరి వానలప్పుడైతే నెల, నెలన్నరలో వేరు పడుతుంది. తర్వాత అడుగున్నర గుంతలో, చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు వేసి నాటాలి. మొదటి వేసవి వారానికి రెండుసార్లు నీళ్లు చాలు, వేరు దిగాక ఇంకా తక్కువ.

పూయడం లేదంటే ముందు నీడ ఉందేమో చూడండి. రోజుకు ఆరుగంటల ఎండ తగలాలి. యూరియా ఎక్కువైనా ఆకే పెరుగుతుంది. పూత కొత్త చిగుళ్ల కొసన వస్తుంది కాబట్టి, చలి తగ్గాక కొమ్మలను మూడోవంతు కత్తిరించాలి. కణుపు దగ్గర మూడేసి ఆకులుంటాయి, దానికి కాస్త పైన కోస్తే రెండు మూడు చిగుళ్లు పుడతాయి.

లేతకొసలకు పసుప్పచ్చ పేనుబంక పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి.

ఆకు, పువ్వు, పాలు అన్నీ విషమే. చేతితొడుగులు వేసుకునే కోయండి. కోసిన కొమ్మలు మేకలకు, పశువులకు అందనివ్వకండి, పొయ్యిలోనూ పెట్టకండి. ఆ పొగా ప్రమాదమే.