థాకోతో మూడు శనివారాలు

మేం నలుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసి డైస్‌తో ఆడే ఆటని 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌తోనే నేర్చుకున్నాం. పాత పుస్తకాల షాపులో 1989 నాటి రెండో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కంటపడేసరికి, ఒక్కసారి ఆడి చూద్దామని పట్టుబట్టాను. డంజన్ మాస్టర్‌ని, అంటే ఆట నడిపించేవాడిని, నేనే కాబట్టి ఎవరూ కాదనలేదు.

థాకో (THAC0) అంటే ఆర్మర్ క్లాస్ 0 ఉన్నవాడికి దెబ్బ తగలాలంటే డైస్ మీద పడాల్సిన అంకె. ఆ పేరెత్తగానే అందరికీ టెన్షన్. ఆ ఎడిషన్‌లో ఆర్మర్ క్లాస్, అంటే రక్షణ అంకె, ఎంత తగ్గితే అంత మంచిది: కవచం లేనివాడికి 10, చైన్ మెయిల్ వేసుకుంటే 5. మన థాకోలోంచి ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ తీసేస్తే, ఇరవై ముఖాల డైస్ మీద ఎంత పడాలో తెలుస్తుంది. మొదటి లెవెల్ ఫైటర్ థాకో 20, గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఆర్మర్ క్లాస్ 6. అంటే 14 పడాలి. ఇంతోటి తీసివేతకా ఇన్నాళ్లూ భయపెట్టారు?

మమ్మల్ని తికమక పెట్టింది వేరే. దాడికి ఎక్కువ పడాలి, ప్రమాదం తప్పించుకునే సేవింగ్ త్రోకీ ఎక్కువే. ఇనిషియేటివ్‌కి మాత్రం తక్కువ పడినవాడిదే ముందు వంతు. దొంగ తాళం తీయాలంటే నూటికి ఇంత అని లెక్క, అక్కడా తక్కువే పడాలి. ఏరు దాటుతుంటే మా విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర వేసినవాడు, "బావా, 19!" అని ఎగిరి గంతేశాడు. ఈతకి నీ బలం 11కి మించకుండా పడాలిరా అన్నాను. వాడి మొహం చూడాలి! మిగతావాళ్లు తాడేసి లాగారు. 2000లో మూడో ఎడిషన్ వచ్చాక గానీ ఈ గోల దాదాపుగా తీరలేదు.

ఆ విజార్డ్‌కి ఉన్నవి 2 హిట్ పాయింట్లు (ప్రాణబలం), రోజుకి ఒక్క మంత్రం. అది మొదటి గదిలోనే అయిపోయింది.

"ఇప్పుడేం చేయాలి?"

"బాకు విసురు."

ఐదో ఎడిషన్‌లో అయితే ఎన్నిసార్లయినా వాడుకునే చిన్న మంత్రాలుంటాయి. రెండో గదిలో అస్థిపంజరం ఒక్క దెబ్బ కొట్టింది, హిట్ పాయింట్లు సున్నా, విజార్డ్ చచ్చాడు. ఐదో ఎడిషన్‌లో చావు తప్పించుకోడానికి డైస్ వేసే డెత్ సేవ్‌లు ఇందులో ఎక్కడని వాడు పుస్తకం తిరగేశాడు. లేవు. మైనస్ 10 దాకా ప్రాణం నిలిపే ఆప్షనల్ రూల్ ఒకటుంది గానీ, ఆడేముందే అది వద్దనుకున్నాం. వద్దన్నది వాడే.

వారం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో శనివారం మాత్రం కొత్త క్యారెక్టర్ షీటుతో వచ్చాడు, ఈసారి దొంగ. రెండో లెవెల్‌కి విజార్డ్‌కి 2,500 అనుభవ పాయింట్లు కావాలి, దొంగకి 1,250 చాలు. ఆ పట్టిక వాడంతట వాడే వెతుక్కున్నాడు. షీటు మీద ప్రతి అంకె పక్కనా ఎర్ర పెన్నుతో బాణం గుర్తు: కొన్ని పైకి, కొన్ని కిందికి.