మస్టాంగ్‌తో మొదటి డ్రాగ్ రన్: మూడు వారాల ముచ్చట

ముందే చెప్పేస్తున్నా, నాది రేసు కారు కాదు. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే 2018 మస్టాంగ్ జీటీ, 6 గేర్ల మాన్యువల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 5.0 లీటర్ల వీ8, ఫోర్డ్ లెక్క ప్రకారం 460 హార్స్‌పవర్. కొన్న రోజు నుంచీ ఈ పవర్ మొత్తం ఒక్కసారైనా వాడి చూడాలని మనసు పీకుతూనే ఉంది, కానీ రోడ్డు మీద మాత్రం రేసులు కొట్టనని ఇంట్లో మాటిచ్చాకే కారు గుమ్మంలోకి వచ్చింది. కాబట్టి మిగిలింది డ్రాగ్ రేసు, అంటే నిలబడ్డ చోట నుంచి పావు మైలు తిన్నగా ఎంత తొందరగా వెళ్తామన్నదే పోటీ. దానికి ఎనిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. డాలస్ పక్కనున్న మా ఇర్వింగ్ నుంచి దాదాపు గంట. 1986లో బిల్లీ మేయర్ కట్టించిన ట్రాక్, పావు మైలు పొడవునా కాంక్రీటే. డ్రాగ్ రేసింగ్‌లో పావు మైలుని మొదటిసారి ఐదు సెకన్ల లోపు ముగించింది కూడా ఇక్కడే, 1988లో ఎడ్డీ హిల్, 4.990 సెకన్లు. మనకి 13 సెకన్ల లోపు వస్తే పండగే.

తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. "నాలుగొందల మీటర్లకి మూడు వారాలు తయారవడమేంట్రా, పెళ్ళికూతురా ఏంటి?" అన్నాడు. లెక్కకి 402 మీటర్లు బాబాయ్ అన్నాను, నవ్వాడు.

మొదటి వారమంతా వెనక చక్రాలతోనే సరిపోయింది. ఈ తరం మస్టాంగ్‌లకి (2015 నుంచి) వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ దేనికది విడిగా కదులుతాయి. మలుపుల్లో బాగుంటుంది కానీ నిలబడ్డ చోట నుంచి గట్టిగా లాగితే వెనక భాగం మొత్తం దడదడా ఎగురుతుంది, వీల్ హాప్ అంటారు, పాత గ్రైండర్‌లో రాయి గాడి తప్పినట్టు ఉంటుంది. సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది కదా, బరువు పడగానే రబ్బరు నలిగి మెలి తిరుగుతుంది, వదలగానే వెనక్కి తన్నుతుంది, టైరు పట్టుకుని జారి మళ్ళీ పట్టుకుంటుంది. ఇలా కొట్టుకుంటూ ఉంటే చక్రాన్ని తిప్పే కడ్డీ, హాఫ్ షాఫ్ట్, విరిగినా ఆశ్చర్యం లేదు. అందుకని ఆ బుష్‌ల ఖాళీల్లో అల్యూమినియం ఇన్సర్ట్‌లు పెట్టి, మీదనుంచి ఒక బ్రేస్ బిగించాను. డ్రైవ్‌వేలో జాక్ స్టాండ్ల మీద నాలుగు గంటల పని, అందులో గంటంతా ఒకే ఒక్క తుప్పు పట్టిన బోల్టుకి పోయింది. ఇప్పుడు హైవే మీద వెనకనుంచి సన్నగా ఒక ఈల వినిపిస్తోంది. నాకు ఇష్టంగానే ఉంది, మా ఆవిడకి లేదు.

టైర్లు: ఎంత పవర్ ఉన్నా రోడ్డుని పట్టేది అరచెయ్యంత రబ్బరే కాబట్టి ఉన్న డబ్బంతా ఇక్కడే పెట్టాను. పాత 18 అంగుళాల రిమ్‌లు రెండు దొరికాయి, వాటికి మిక్కీ థామ్సన్ డ్రాగ్ రేడియళ్లు (డ్రాగ్ రేసుల కోసం చేసిన, పట్టు ఎక్కువుండే టైర్లు), 275/40 సైజు. రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న రకమే, కాకపోతే గాడులు తక్కువ, పెద్ద వానొస్తే దేవుడే దిక్కు. ముందువి మార్చలేదు.

ఇక్కడే ఒళ్ళు మండింది. వీటిని బిగించిన టైర్ల షాపులో కుర్రాడు నట్లు బిగించే గన్‌తో టపటపా కొట్టి పంపించేశాడు. ఈ కారుకి వీల్ నట్ల బిగుతు 150 ఫుట్-పౌండ్లు ఉండాలి. ఇంటికొచ్చి టార్క్ రెంచ్ (సరిపడా బిగుసుకోగానే క్లిక్ మనే రెంచ్) పెడితే ఎడమ చక్రంలో ఒక నట్టు రెంచ్ క్లిక్ మనకుండా దాదాపు ముప్పావు చుట్టు తిరిగింది, దాని పక్కదేమో విప్పుదామంటే పైపు తొడిగి మీదెక్కి నిలబడాల్సి వచ్చింది. అన్నీ విప్పి, చేత్తో మొదలుపెట్టి, నక్షత్రం వరసలో మళ్ళీ బిగించాను. ఒక రోజు నడిపాక ఇంకోసారి చూసుకున్నాను. మీరు ఈ రాతలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం మీ చేత్తో మీరే చేసుకోండి.

బరువు సంగతి. వంద పౌండ్లు తగ్గితే పదో వంతు సెకను వస్తుందని మనవాళ్ళ మోటు లెక్క. పాప కారు సీటు, స్ట్రోలర్, ఎప్పటివో రెండు గొడుగులు, టూల్ పెట్టె. డిక్కీ అడుగున అట్ట ఎత్తితే స్టెప్నీ గుంతలో గుప్పెడు సోనామసూరి బియ్యం, ఎప్పుడో చిరిగిన బస్తాది, అందులో రెండు గింజలు తడికి ఉబ్బి ఇనుముకి అతుక్కుని ఉన్నాయి, గోటితో గీకాల్సి వచ్చింది. బియ్యం తీస్తే సెకన్లు తగ్గవు లెండి. కానీ వదులుగా ఉన్న వస్తువేదీ కారులో ఉండకూడదు, ట్రాక్ వాళ్ళు రన్‌కి ముందు కారుకి చేసే టెక్ తనిఖీలో అడుగుతారు, అందుకే డాష్‌బోర్డ్ మీది వినాయకుణ్ణి కూడా తీసి జేబులో పెట్టుకున్నాను. పెట్రోలు పావు ట్యాంకు, 93 ఆక్టేన్. ఇంజిన్ కంప్రెషన్ 12:1, తక్కువ రకం పోసి రేసుకెళ్ళడంలో అర్థం లేదు.

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాను. ఈ కారులో క్లచ్చి కూడా అదే డబ్బాలోంచి తాగుతుంది, పాతది టీ డికాక్షన్ రంగులో వచ్చింది. హెల్మెట్ కొన్నాను, 13.99 సెకన్లు గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే తప్పనిసరి, దాని మీద స్నెల్ భద్రతా పరీక్ష స్టిక్కర్ ఉండాలి, మామూలు రోడ్డు హెల్మెట్ల మీదుండే ఉత్త డాట్ స్టిక్కర్ చాలదు. ఫుల్ ప్యాంటు, బూట్లు. చెప్పులతో వెళ్తే వెనక్కి పంపిస్తారు.

ఆ రాత్రి. తనిఖీ పది నిమిషాల్లో అయిపోయింది: బ్యాటరీ కదిపి చూశాడు, నట్లు చూశాడు, కింద ఏమైనా కారుతోందా అని వంగి చూశాడు. ఏసీ క్యూలోకి వెళ్ళే ముందే ఆపేయాలి, దాని నీటి చుక్కలు ట్రాక్ మీద పడితే వెనకవాడికి ప్రమాదం. మేలో డాలస్‌లో ఏసీ లేకుండా హెల్మెట్‌తో ఇరవై నిమిషాలు అంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. వెనక టైర్ల గాలి 32 నుంచి 20 పీఎస్ఐకి దించాను, ముందువి 38.

రన్‌కి ముందు వెనక టైర్లు తడిపి, గిర్రున తిప్పి వేడెక్కించాలి, దానికో నీళ్ళ గుంట ఉంటుంది. దాని చుట్టూ తిరిగి వెళ్ళి, అంచుకి వెనక్కి వచ్చాను. గుంటలోంచే వెళ్తే ముందు టైర్లు ఆ నీళ్ళని స్టార్ట్ లైన్ దాకా మోసుకెళ్తాయి. కారులోనే ఉన్న లైన్ లాక్ ముందు చక్రాల బ్రేకులు మాత్రమే పట్టుకుంటే రెండో గేర్‌లో పొగ వచ్చేదాకా తిప్పాను. దానికి 15 సెకన్లే టైము, నాకు నాలుగు చాలాయి. తర్వాత లైట్లు: స్టార్ట్ లైన్ దగ్గర అడ్డంగా రెండు కాంతి బీమ్‌లు ఉంటాయి, ముందు చక్రం మొదటిదానికి తగిలితే ప్రీ-స్టేజ్ లైటు వెలుగుతుంది, ఇంకో 7 అంగుళాలు ముందుకెళ్తే స్టేజ్ లైటు. చేతులు వణికాయి, అబద్ధం ఎందుకు. పచ్చ లైటు పడ్డాక నేను కదలడానికి 1.1 సెకను పట్టింది. కొత్తవాళ్ళు దీనికి టెన్షన్ పడక్కర్లేదు, టైము మొదలయ్యేది చక్రం ఆ స్టేజ్ బీమ్ వదిలాకే, లైటు పడ్డప్పుడు కాదు.

మొదటి రన్‌లో 3,500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్చి ఒక్కసారిగా వదిలేశాను. టైర్లు గిర్రున తిరిగాయి, అయినా దడదడ మాత్రం లేదు, ఇన్సర్ట్‌ల డబ్బు వసూలు. మొదటి 60 అడుగులకి 2.38 సెకన్లు, మొత్తం 13.49. రెండో రన్‌లో రెండు నుంచి మూడుకి లాగబోతే గేరు పడలేదు, న్యూట్రల్‌లో ఇంజిన్ అరిచింది, 14.6, పక్క లేన్‌లో మినీవ్యాన్ లాంటిదేదో నన్ను దాటిపోయింది. ఇంకాస్త తొందరపడి మొదటి గేరులో పడి ఉంటే ఇంజిన్ పని అయిపోయేది. ఆ తర్వాత అరగంట బానెట్ తెరిచి పెట్టుకుని ఊరికే కూర్చున్నాను, ఇంజిన్ కంటే నేను చల్లబడాల్సి వచ్చింది.

మూడోది: గాలి 18కి దించాను, 2,500 దగ్గర క్లచ్చి కొంచెం జార్చుతూ వదిలాను, గేర్లు తొందరపడకుండా వేశాను. 60 అడుగులు 2.02, మొత్తం 12.94, గంటకి 110.6 మైళ్ళు. చివర్లో వేగం మొదటి రన్‌కి దాదాపు అంతే. తగ్గిన అర సెకను ఇంజిన్‌ది కాదు, 2 పీఎస్ఐదీ ఎడమ కాలిదీ. నాలుగు గంటల్లో మూడే రన్‌లు, క్యూ అంత పొడుగ్గా ఉంది.

బయటికొచ్చే ముందు చిన్న కంప్రెసర్‌తో మళ్ళీ 32కి గాలి కొట్టుకున్నాను, టైరుకి ఆరేడు నిమిషాలు. తర్వాతి పని షిఫ్టర్, అంటే గేర్ లివర్ సంగతి. అంతకంటే ముందు పాప సీటు బిగించాలి, రేపు పొద్దున 8కి స్కూలు.