పొందూరు తెలుపు

కెమెరా కొన్న కొత్తలో నాకూ అందరికీ ఉండే పిచ్చే ఉండేది. అరకు వెళ్లాలి, లంబసింగి వెళ్లాలి, పొగమంచు పడాలి, అప్పుడు గానీ ఫొటో కాదు. రెండేళ్లలో అరకు ఒక్కసారి వెళ్లాను. అందరూ తీసే వలిసె పూలే నేనూ తీసి తెచ్చాను. మిగతా రోజులన్నీ కెమెరా బియ్యం డబ్బాలో పడుకుంది. బియ్యం లేని డబ్బా లెండి, అడుగున సిలికా జెల్ పొట్లాలు. మా శ్రీకాకుళం ఉక్కకి, సముద్రపు గాలికి లెన్సుకి బూజు పడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా లెన్సు బూజుతోనే వచ్చింది. “దుమ్మేనండీ, తుడిస్తే పోద్ది” అన్నాడు అమ్మినాయన. ఇప్పటికీ పోలేదు.

ఈ జనవరిలో రెండో శనివారం పొందూరు బయల్దేరాను. ఇంటినుంచి గట్టిగా 25 కిలోమీటర్లుండదు. “చీర కొనడానికా?” అన్నారు మా ఆయన. ఫొటోలకి అంటే, “పొందూరులో ఏముంది?” అన్నారు. ఏముందో నాకూ సరిగ్గా తెలీదు. చిన్నప్పుడు మా తాతగారు పెళ్లిళ్లకి కట్టే పంచె పొందూరుదని తెలుసు, అంతే.

ఆరున్నరకి స్కూటీ తీశాను. ఎచ్చెర్ల దాటేదాకా హైవే మీద లారీల గోల. చిలకపాలెం దగ్గర హైవే వదిలాక ప్రాణం కుదుటపడింది. దారిలో ఒక చెరువు, దానిమీద మంచు. ఆగి నాలుగు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే నాలుగూ అరకు ఫొటోల్లాగే ఉన్నాయి.

పొందూరులో ముందు ఖాదీ సంఘానికి వెళ్లాను. 1949 నుంచీ ఉన్న సంఘం అది, ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. ఈ ఊరి నూలు సంగతి విని గాంధీగారు తన కొడుకు దేవదాసును చూసి రమ్మని పంపారని ఇక్కడ చెప్పుకుంటారు. వడికేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, ఎవరిళ్లలో వాళ్లు పని చేసుకుంటారు. అక్కడ కనుక్కుని ఒక వీధిలోకి వెళ్లాను. వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మాయిని అడిగితే, “మా మామ్మ వడుకుతాది, రండి” అని లోపలికి తీసుకెళ్లింది.

మామ్మకి డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. చేతిలో ఉన్నది చూసి నేనే ఆగిపోయాను. చేప దవడ. వాలుగ చేప దవడ ఎముక, దానికి సూదుల్లాంటి సన్నటి పళ్లు, దువ్వెనకన్నా దగ్గరదగ్గరగా. గింజ ఇంకా లోపలే ఉన్న పత్తి కాయని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ దవడతో దువ్వుతోంది, చంటిపిల్ల జుట్టు దువ్వినట్టు. చెత్త రాలిపోతుంది, పోగులన్నీ ఒకవైపు తిరుగుతాయి. ఆ తరవాత పీట మీద పెట్టి ఇనపకడ్డీ దొర్లిస్తే గింజ బయటకొస్తుంది. తరవాత ఏకడం, అంటే దూదిని విప్పి మెత్తచెయ్యడం, దాన్ని ఏకులు, అంటే వడకడానికి వీలుగా వత్తులు చెయ్యడం. ఆ ఏకులు మైల పడకుండా ఎండిన అరటి డొప్పలో చుట్టి పెట్టారు. ఇంత చేశాక గానీ రాట్నం దగ్గరకి రారు. మిషను పత్తిని కొట్టి చీల్చేస్తే ఈ దవడ బుజ్జగించి విప్పుతుందనిపించింది. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది; 100 కౌంటు నూలు చేత్తో వడికే ఊరు ఊరికే అవ్వలేదు.

మొదట తీసిన పాతిక ఫొటోలు పాడు. వెనక తెల్లగోడ, ముందు తెల్ల దూది, ఆవిడ కట్టుకున్నదీ తెల్లచీరే. స్క్రీన్ మీద చూస్తే అన్నీ బూడిదరంగులో, ఉతక్కుండా దాచిన బట్టల్లా ఉన్నాయి. తప్పు వెలుగుది కాదు, కెమెరా బుద్ధి అంత. ఏది చూపించినా అది నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. తెలుపు ఎక్కువైతే కంగారుపడి తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ బటన్ నొక్కి వెలుగు ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచాను. అప్పుడు తెలిసింది, దూది తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు, మామ్మ జుట్టు తెలుపు వేరు. రెండేళ్లుగా ఆ బటన్ నా బొటనవేలి కిందే ఉంది. అరకులో దాని అవసరం రాలేదు.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. నేను వచ్చింది మామ్మ మొహం కోసం. ముడతలు, పక్కనుంచి వెలుగు, బ్లాక్ అండ్ వైట్. పోటీల్లో ప్రైజులొచ్చే ఫొటోలన్నీ ఆ ముసలమ్మవే కదా, ఊరు పేరు మారుతుందంతే. కెమెరా దగ్గరగా పెట్టేసరికి ఆవిడ చేతిలో చేప దవడ పక్కన పెట్టేసింది.

“నా మొకం ఎందుకమ్మా? పని తియ్యి.”

సిగ్గేసింది. కెమెరా దించి కాసేపు ఊరికే కూర్చున్నాను. అమ్మాయి టీ ఇచ్చింది. ఈలోగా మామ్మ రాట్నం ముందుకి జరిగింది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకు పట్టుకుని లాగుతుంటే కదురు, అంటే నూలు చుట్టుకునే పుల్ల, దాని కొసనుంచి పోగు పుట్టుకొస్తోంది. నా కంటికి అది సగంసేపు కనిపించనే లేదు. గుమ్మంలోంచి వెలుగు తగిలినప్పుడు మాత్రం ఒక మెరుపు గీత.

చక్రం తిరుగుతున్నట్టు కనబడాలి కాబట్టి షట్టర్ సెకనులో పదిహేనో వంతుకి దించాను. స్టాండు లేదు. నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను. యాభై తీస్తే ఆరు బాగున్నాయి. చక్రం ఆకులన్నీ కలిసిపోయి ఒక తెల్లటి పొగలా వచ్చింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ సంతోషంలోనే తిరుగుదారిలో చెరువు దగ్గర ఆగలేదు.

పదిహేను రోజులకి ప్రింట్లు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఫొటో ఇస్తానని చెప్పి ఇవ్వనివాళ్ల గురించి ఆ వీధిలో చాలా విన్నాను, అందులో నా పేరు చేరకూడదు. మామ్మ ప్రింటు తీసుకుని గుమ్మంలోకి జరిగి, వెలుగుకి పెట్టి చూసింది. చక్రం చూడలేదు. ఏకుకీ కదురుకీ మధ్యనే వేలు పెట్టి ఆపింది.

“నానింత లావు నూలు వడుకుతానేటి?”

చూశాను. నిజమే. చెయ్యి కదులుతుండగా తీసింది కదా, పోగు చెదిరి పలుపుతాడంత వచ్చింది. నా కంటికి అది తప్పులాగే కనిపించలేదు. ఆవిడ కంటికి వేరే ఏమీ కనిపించలేదు. పోగు సన్నగా రావాలంటే షట్టర్ పెంచాలి, పెంచితే చక్రం ఆగిపోయినట్టుంటుంది, రెండూ ఒకే ఫొటోలో కుదరవు మామ్మా అని నచ్చజెప్పబోయాను.

“కుదురుతాది,” అంది. రాట్నం ముందు కూర్చుని ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి, పైకి లాగింది. చెయ్యి చాపినంతా చాపాక, చుట్టడానికి ముందు, అక్కడే ఒక్క క్షణం ఆపింది. కుడిచెయ్యి మాత్రం ఆగలేదు, పోగుకి పురి ఎక్కిస్తూ చక్రం తిరుగుతూనే ఉంది.

“సెయ్యి పైకెల్లి ఆగుతాది, సూసినావా? అప్పుడు తియ్యి.”

నేను మళ్లీ నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకి ఆనించాను.